రెండేళ్లు ఊడి ఉన్న తీగ

"గిది ఎప్పటి సంది ఊడున్నది?" అని అడిగాడు మా ఆయన.

"రెండేండ్ల సంది" అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన నాలుగు నెలలు బతికాడు. అదే ఇంట్లో, నేను వండిందే తిని బతికాడు. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఊడినదేమిటో, రెండేళ్లు అలా ఎందుకు ఉండిపోయిందో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. మా డిపార్ట్‌మెంట్ పెన్షనర్ల సంఘం వాళ్లు రాసివ్వమని అడిగిందీ ఉద్యోగం గురించే. నాకు అంకెలు బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని నేను చెబుతున్నాను, మా ఆడబిడ్డ కూతురు స్వప్న రాస్తోంది.

యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో సౌండ్ ల్యాబ్‌కు నన్ను అటెండర్‌గా వేశారు. ఆర్డర్ కాగితం ఇనప పెట్టెలో ఉంది, తేదీ కావాలన్నవాళ్లకు తీసి చూపిస్తాను. నాకు గుర్తున్నది మాత్రం ఎండాకాలం సెలవులు అయిపోయి పిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ అడిక్‌మెట్ వైపు నుంచి హాస్టళ్లకు నడుస్తున్న వారం. అంతకు ముందు నాలుగేళ్లు అదే బిల్డింగులో దినకూలీగా ఊడ్చాను. అటెండర్ అంటే నాలుగో తరగతి ఉద్యోగి. ఆ పైన టెక్నీషియన్, ఆ పైన లెక్చరర్, రీడర్, ప్రొఫెసర్. మా ఆయన యాదగిరి అదే ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇంట్లో మొగుడు, ల్యాబ్‌లో పై అధికారి. పదిమందిలో నేను ఆయన్ని సార్ అనాలి. అన్నాను, ఇరవై రెండేళ్లు.

ల్యాబ్ వెనక చప్పుడు లేని గది ఒకటి ఉండేది. గోడలకూ కప్పుకూ గాజుదూది కూరిన గోనె మెత్తలు. తలుపు వేస్తే రోడ్డు మీద బస్సు హారన్ కొట్టినా తెలియదు, మన గుటక మనకు వినపడుతుంది. ఆ మెత్తలు దులిపిన రోజు చేతులు సాయంత్రం దాకా దురద పెట్టేవి. ఏటా ఎమ్మెస్సీ పిల్లలకు అందులో ఒక ప్రయోగం ఉండేది. మనిషి చెవి ఎంత సన్నటి మోత దాకా వినగలదో కొలవడం. పిల్లవాడిని లోపల కుర్చీలో, మనకు వీపు పెట్టించి కూర్చోబెట్టాలి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాలి. అద్దం కిటికీకి ఇవతల బల్ల మీద మోత పుట్టించే మిషన్ ఉంటుంది, దాన్ని ఆసిలేటర్ అంటారు. దాని చక్రం తిప్పుతూ పోతే మోత సన్నబడి కీచుమంటూ పైకి పోతుంది. వినపడినంతసేపు పిల్లవాడు వేలు ఎత్తి ఉంచాలి. ఆగిపోగానే దించాలి. దించిన చోట చక్రం మీద ఉన్న అంకె, అంటే మోత సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తోందో ఆ లెక్క, రిజిస్టర్‌లో వేయాలి. పరీక్ష అయ్యాక ఆ అంకె మనిషికి చెప్పి, చూపించి, పక్కన సంతకం తీసుకోవాలి. రూలు ప్రకారం చక్రం తిప్పడం టెక్నీషియన్ పని. నా చేయి వణకదని, తొందరపడదని నాకే అప్పజెప్పారు.

ఇరవై ఏళ్ల పిల్లలు పదిహేడు వేల దాకా వేలు ఎత్తే ఉంచేవారు. నలభై దాటిన లెక్చరర్లు పద్నాలుగు వేల దగ్గర దించేవారు. యాభై ఐదు దాటితే పది, పదకొండు. ఇది జబ్బు కాదు, జుట్టు నెరిసినట్టే. జుట్టుకు రంగు వేసుకోవచ్చు, దీనికి రంగు లేదు.

ఈ పనిలో ఇంకో పద్ధతి ఉంది. మధ్యలో ఎక్కడో, చెప్పకుండా, ఒక స్విచ్ నొక్కి మోత ఆపేయాలి. చేయి మాత్రం చక్రం తిప్పుతున్నట్టే ఉండాలి. నిజంగా వింటున్నవాడు వేలు దించుతాడు. వింటున్నానని నటించేవాడు, లేదా వింటున్నానని తనే నమ్మేవాడు, ఎత్తే ఉంచుతాడు. దీన్ని మేము ఖాళీ వేయడం అనేవాళ్లం. పిల్లలకు ఖాళీ వేస్తే టక్కున దించేవారు. పెద్దవాళ్లు దించేవారు కాదు.

ఒక ఏడాది, పిల్లలకు చూపించడానికి మా ల్యాబ్ పెద్ద, ప్రొఫెసర్ మూర్తి సార్, తానే కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిది వేలు దాటాక నాకు అనుమానం వచ్చి ఖాళీ వేశాను. సార్ వేలు గాలిలో అలాగే ఉంది. పిల్లలు మిషన్ చూస్తున్నారు, సార్ వేలు చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు. నేను చక్రం తిప్పుతూనే పోయాను. పదిహేను వేల దగ్గర ఆయనకే చేయి నొప్పెట్టి దించారు.

"ఎంతమ్మా భాగ్యమ్మా?" అన్నారు బయటికి వచ్చి.

"పదిహేను వేలు సార్."

"చూశారటర్రా! అరవైకి దగ్గర పడుతున్నాను" అన్నారు పిల్లలతో. రిజిస్టర్‌లో అదే వేశాను. ఆయన సంతకం పెట్టారు. నా సర్వీసులో తెలిసి వేసిన మొదటి తప్పు అంకె అది. మా ఆయన పక్కనే నిలబడి చూశాడు, ఖాళీ వేసింది ఆయనకూ తెలుసు. సాయంత్రం ఇంటికి వచ్చాక నవ్వుకున్నాడు. "ప్రొఫెసర్ చెవులు తుప్పు పట్టినయే" అన్నాడు. తాను మాత్రం ఆ కుర్చీలో ఏనాడూ కూర్చోలేదు. కూర్చోమని ఒకసారి నేనంటే, "నా చెవి సంగతి నాకెరుక" అన్నాడు.

నిజం చెప్పాలి, ఒకప్పుడు ఆయనవి పాము చెవులే. మాకు పెళ్లయిన కొత్తలో తార్నాకలో ఒక్క గది అద్దెకు ఉండేవాళ్లం. వెనక చెక్క ఊడిన రేడియో ఒకటి ఉండేది. పాట వెనకాల సన్నగా ఈల వస్తోందని అన్నం మధ్యలో లేచిపోయి దాన్ని విప్పేవాడు. నాకూ వినపడేది ఆ ఈల. ఇద్దరం కింద కూర్చుని, అది పోయిందా లేదా అని చెవులు ఆనించి వినేవాళ్లం. అప్పుడు అడిగేవాడు, "పోయిందా?" అని. ఆ వయసులో మంచి పాటల సెట్టు కొనుక్కునే స్తోమత లేదు. స్తోమత వచ్చేసరికి రిటైర్మెంట్ వచ్చింది. పెట్టెలు పెరుగుతూ పోయాయి, చెవులు తరుగుతూ పోయాయి. ఆ సరుకంతా అంతే, కొనగలిగిన రోజున వినలేరు.

రిటైరయ్యాక ముందు గది మొత్తం దానికే అయిపోయింది. బీరువాలంత స్పీకర్లు రెండు, రికార్డులు తిప్పే బల్ల, బరువైన యాంప్లిఫయర్లు. ఆఖరున తెచ్చినవి రెండు బుల్లి స్పీకర్లు, బొటనవేలంత ఉంటాయి. పెద్ద స్పీకర్ల నెత్తిన పెట్టేవి. పది వేలకు పైన ఉన్న మోత ఒక్కటే అవి పలుకుతాయి, అంటే గజ్జెల చివర, తాళం మోగాక గాలిలో మిగిలే గీత. వాటి కోసం ఒక వేరే చిన్న యాంప్లిఫయర్, దాని మీద ఒక పచ్చ లైటు. గది నడుమ ఒక కుర్చీ. మోత రెండు వైపుల నుంచీ సమానంగా తగిలేది ఆ ఒక్క చోటేనట. దాన్ని రోజూ తుడిచేదాన్ని. కూర్చోలేదు.

ఆదివారం పదకొండు గంటలకు మూర్తి సార్, ఆయన ఈడువాళ్లు ఇంకో నలుగురు వచ్చేవారు. వాళ్లలో చిన్నవారికి యాభై ఎనిమిది. వంతులవారీగా నడి కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని వినేవారు. నేను మిర్చి బజ్జీలు, చాయ్ అందించేదాన్ని. మూర్తి సార్‌కు ఒక సిద్ధాంతం ఉండేది. "వయసు పెరిగేకొద్దీ చెవి పండుతుందయ్యా యాదగిరీ. కుర్రకుంకలు ఫోన్లలో వింటారు, వాళ్లకేం తెలుస్తుంది?" అనేవారు. పండినది రాలుతుంది కూడా. ఆ మాట నేను అనలేదు.

బుల్లి స్పీకర్లు తగిలించిన మొదటి ఆదివారం చాయ్ పట్టుకుని గదిలోకి వెళ్లాను. చెవిలో సూది దిగినట్టయింది.

"జర తగ్గియ్యి. చెవిల పొడుస్తున్నది" అన్నాను.

మా ఆయన అందరి ముందూ నా వైపు తిరిగాడు. "బోళ్లు తోమే చెవులు గవి. వాటికేం ఎరుక?" అన్నాడు. మూర్తి సార్ పెద్దగా నవ్వారు. మిగతావాళ్లు ఒక క్షణం ఆగి నవ్వారు. ఆ క్షణం నాకు బాగా తెలుసు. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల మీద రివిట్లు కొట్టేవాడు, నలభైకే చెవులు పోయాయి. వినపడని మగవాడు అందరూ నవ్వాక నవ్వుతాడు.

ఆ మరుసటి ఆదివారం పొద్దున, వాళ్లు రావడానికి గంట ముందు, ఊడుస్తుంటే చీపురు ఏదో తీగకు తట్టుకుంది. లాగాను. చిన్న యాంప్లిఫయర్‌లోకి పాట మోసుకొచ్చే తీగ ఊడి చేతిలోకి వచ్చింది. తీగలు ముట్టవద్దని ఆయన ఆర్డరు. కొసను అక్కడే వదిలేశాను. ఆయన స్నానం చేసి రాగానే చెబుదామనుకున్నాను. ఇంతలో వాళ్లు రానే వచ్చారు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. గజ్జెల రికార్డు వేశారు.

"అబ్బ! పోయినవారం కంటే ఇవాళ విచ్చుకుంది చూశావా!" అన్నారు మూర్తి సార్. "ఒక్కో మువ్వ వేరువేరుగా పలుకుతోంది."

"గవి ఇరవై గంటలు మోగితెనే కుదురుకుంటయి సార్" అన్నాడు మా ఆయన.

నేను చాయ్ పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా ఆయనతో కలిపి ఆరుగురి వేళ్లు గాలిలో లేచి ఉన్నట్టే కనపడింది నాకు. నేను వేసిన ఖాళీ కాదది, చీపురు వేసిన ఖాళీ. ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఆదివారం చెప్పలేదు. మూడో ఆదివారానికి, చెప్పకపోవడం నాకు రుచి తగిలింది.

"అత్తమ్మా, గిది గూడ రాయాల్నా?" అంటోంది స్వప్న. రాయి. మీ మామ మంచితనం రాసేవాళ్లు వేరే ఉన్నారు.

అలా రెండేళ్లు. వారానికి ఒకసారి ఐదుగురు పెద్దమనుషులు పలకని స్పీకర్‌ను పొగిడారు. నేను ఆ తీగ చుట్టూ ఊడ్చాను, తీగను ముట్టలేదు.

అప్పుడు డిపార్ట్‌మెంట్‌లో పాత విద్యార్థుల సభ పెట్టారు. పెద్ద లెక్చర్ హాలు బాగుచేయించి కొత్త స్పీకర్లు, మైకులు బిగించారు. మోత సర్దే పని మా ఆయనకు ఇవ్వాలని మూర్తి సార్ పట్టుబట్టారు. ముప్ఫై అయిదేళ్ల సర్వీసులో మా ఆయన పేరు ఏ కార్డు మీదా అచ్చు కాలేదు. టెక్నీషియన్ పేరు ఎవరూ వేయరు. ఈసారి ఆహ్వాన పత్రం అడుగున వేశారు, ధ్వని ఏర్పాటు: యాదగిరి అని. దాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకుని తిరిగాడు. లాలాగూడలో నా తమ్ముళ్లకు చూపించాడు, తార్నాక చౌరస్తాలో ఇస్త్రీ చేసే అతనికి చూపించాడు.

సభ ముందు రోజు హాలులో నాకు డ్యూటీ. కుర్చీలు తుడుస్తున్నాను. ఆయన మోత సర్దే బిరడాల బోర్డు దగ్గర నిలబడి రికార్డు వేసి సర్దుతున్నాడు. మోత మీద మూత పెట్టినట్టుందంటూ పైమోత, అంటే సన్నటి మోత, పెంచే బిరడా తిప్పాడు. ఇంకా తిప్పాడు. స్టీలు పళ్లెం మీద మేకు పెట్టి గీకినట్టయింది నాకు. పళ్లు జివ్వుమన్నాయి. గుడ్డ పట్టుకుని నిలబడిపోయాను. ఆయన తలెత్తి ఖాళీ హాలు మీదుగా నన్ను చూశాడు.

"ఎట్లున్నదే?" అన్నాడు.

రేడియో రోజుల తర్వాత ఆయన నన్ను అడగడం అదే మొదలు. ఆ మాటలో బెదురు ఉంది, నేను పోల్చుకున్నాను కూడా. ముందు వరసలో మూర్తి సార్ కూర్చుని ఉన్నారు.

"నాకేం ఎరుక? బోళ్లు తోమే చెవులాయె" అన్నాను.

"బాగా అప్పజెప్పింది పో!" అని నవ్వారు మూర్తి సార్. మా ఆయన కూడా నవ్వాడు. బిరడా అక్కడే వదిలేశాడు.

మర్నాడు హాలు నిండింది. ముందు నాలుగు వరసలు రిటైరైన సార్లు, వెనకంతా పిల్లలు. ఒక ఆడపిల్ల ప్రార్థన మొదలుపెట్టింది. 'స' వచ్చినప్పుడల్లా కొరడా ఝళిపించినట్టుంది. ముందు వరసల వాళ్లు హాయిగా తలలు ఊపుతున్నారు. వెనక పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. ఎవరో "ఓ అన్నా, చెవులల్లకెల్లి రక్తమొస్తదే!" అని అరిచారు. మా ఆయన చూసింది ముందు వరసలనే.

అప్పుడు కొత్తగా చేరిన లెక్చరర్ అనిత మేడమ్ బోర్డు దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు.

"యాదగిరి గారూ, పైమోత కొంచెం తగ్గించండి. పిల్లలు కూర్చోలేకపోతున్నారు."

"ముప్పై అయిదేండ్ల సంది ఇదే పని చేస్తున్న మేడమ్. నాకు చెప్తున్నరా?"

ఆ అమ్మాయి వాదించలేదు. "ఏమీ అనుకోకండి" అని చేయి చాపి, తానే బిరడాను సగానికి తిప్పేసింది. హాలంతా ఊపిరి వదిలింది. వెనకనుంచి చప్పట్లు. మా ఆయన ఆ చేయి తిరగడం చూశాడు. ఆ తర్వాత స్పీకర్ల వైపు చూశాడు. మొహంలో వెతుకులాట తప్ప ఇంకేమీ లేదు.

"తగ్గించిన్రా?" అన్నాడు.

"తగ్గించాను కదండీ" అంది ఆ అమ్మాయి, అర్థం కాక.

అంతే. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. భోజనాలకు ఉండకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ముందు గదిలో సామానంతా గోడ నుంచి ముందుకు జరిపి ఉంది. నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చుని, ఒక్కో తీగా చేత్తో తడుముతూ పోతున్నాడు. ఊడిన కొస దొరికింది. దాని మీద దుమ్ము పేరుకుని బూజులా వేలాడుతోంది. దుమ్మును చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, అది నిన్నమొన్న ఊడింది కాదు. అప్పుడు అడిగాడు. అప్పుడు చెప్పాను. తిడతాడనుకున్నాను. కొట్టినా కొడతాడనుకున్నాను. ఆ కొసను అంగీ అంచుతో తుడిచి, మళ్లీ దాని చోట గుచ్చాడు.

ఆదివారం వాళ్లకు సెట్టు రిపేరులో ఉందని ఫోన్ చేశాడు. మళ్లీ ఎవరినీ పిలవలేదు. మాకు పిల్లలు లేరు. స్వప్న అప్పుడు చదువుకోసం మా ఇంట్లో ఉండేది. మా కబుర్లు ఆ పిల్ల చేత నడిచాయి. "స్వప్నా, మీ అత్తను అన్నం పెట్టమను" అనేవాడు, నేను పక్కనే ఉండగా. "మీ మామ బీపీ గోలి మింగిండో లేదో అడుగు" అనేదాన్ని నేను. "మీ ఇద్దరికి పోస్టుమాన్‌ను నేనే దొరికిన్నా?" అని ఆ పిల్ల కసురుకునేది.

రోజూ మధ్యాహ్నం గజ్జెల రికార్డు వేసుకునేవాడు. తీగ బాగానే కూర్చుంది. సెలవు రోజుల్లో వంటింట్లో పప్పు రుబ్బుతూ నేను విన్నాను. ఒక్కో మువ్వా వేరుగా, చివర సన్నటి గీతతో, తేటగా వచ్చింది. రెండేళ్ల తర్వాత. మొదటిసారి పొడిచినట్టు ఈసారి పొడవలేదు, ఎక్కడ ఉంచాలో అక్కడే ఉంచాడు, పుస్తకం చూసి లెక్కతో సర్దినట్టున్నాడు. అది వస్తోందో లేదో ఆయనకు మాత్రం తెలియదు. నడి కుర్చీలోంచి లేచి వెళ్లి ఆ బుల్లి స్పీకర్‌కు చెవి ఆనించేవాడు. వేలితో తాకి చూసేవాడు. పచ్చ లైటు చూసేవాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. "పోయిందా?" అని ఒకప్పుడు అడిగినట్టు, "వస్తున్నదా?" అని అడిగితే వస్తున్నదని చెప్పేదాన్ని. అడగలేదు. అడగకుండా చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాలుగు నెలలకు గుండె ఆగి పోయాడు, మధ్యాహ్నమే, ఆ కుర్చీలోనే.

పదకొండో రోజు మూర్తి సార్ వచ్చారు. నా ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. "ఆ రెండేళ్లూ మీ ఇంట్లో విన్న గజ్జెల మోత నేను మళ్లీ ఎక్కడా వినలేదమ్మా. ఆ బుల్లి స్పీకర్ల మహిమ" అన్నారు.

"సార్, గా రెండేండ్లు తీగ ఊడి ఉండె. అవి పలుకలే" అన్నాను.

ఆయన నన్నే చూస్తూ మెల్లగా తల ఊపారు. "అవునమ్మా, అవును" అన్నారు. ఆయనకు వినపడలేదు. నేను ఇంకోసారి చెప్పలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు సర్వీసు చేసి రిటైరయ్యాను. సెట్టు డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చేశాను. కుర్చీ ఉంచుకున్నాను, అందులో కూర్చునే ఇది చెబుతున్నాను. ఈ పని నాకు నేర్పింది ఇంతే. మొహానికి అద్దం ఉంది, చెవికి లేదు. తనకు ఏది వినపడటం లేదో ముసలి చెవికి తెలిసే దారి లేదు, ఎదుటి మనిషి చెప్పాలి. అందుకే ఖాళీ వేశాక అంకె చెప్పి సంతకం తీసుకోవాలని రూలు పెట్టారు. పిల్లలందరి విషయంలో ఆ రూలు పాటించాను. ఇంట్లో రెండేళ్లు ఖాళీ నడిపి అంకె చెప్పలేదు. ఆయన నన్ను తక్కువ చేశాడు, అది ఆయన తప్పు. ఇది నా పనిలో తప్పు.

ఇప్పుడు నాకు అరవై ఆరు. కుక్కర్ విజిల్ వచ్చిందని ఈమధ్య స్వప్నే చెబుతోంది.

స్వప్నా, ఇగ రాసుడు ఆపు. మొదటి సంది చదివి ఇనిపియ్యి. నేను ఊ కొడుతున్న అని నమ్మకు. నడుమ ఏడనన్న చెప్పకుండ చదువుడు ఆపు, పెదవులు మాత్రం ఆడియ్యి. అప్పుడు గూడ నేను ఊ అంటుంటే, గా సంగతి నాకు చెప్పు.